ఆవృత్తికో పాదం

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డ మనిషి తలలో ఎన్ని తిరుగుతుంటాయో! పిల్లాడి పరీక్ష ఫీజుకు ఈరోజే ఆఖరి గడువు. అత్తగారి బీపీ మాత్రలు అయిపోవచ్చాయి. ఆఫీసులో నిన్న సగంలో వదిలేసిన లెక్క అలాగే ఉంది. గ్యాస్ బుక్ చేయాలి. మేనత్త కూతురి పెళ్లికి సెలవు దొరుకుతుందో లేదో. మొన్న చెల్లెలు ఫోనులో అన్న మాట, దానికి అనబోయి మింగేసిన జవాబు. ఇవి ఒకదాని వెనక ఒకటి రావు. అన్నీ ఒక్కసారే గొంతెత్తుతాయి. పాలు పొంగేలోపు మనసు పది చోట్లకు పోయి వస్తుంది.

ఇలాంటి మనసుకు అందరూ చెప్పే సలహా ఒకటే. ఆలోచనలు తగ్గించుకోమంటారు, మనసు ఖాళీ చేసుకోమంటారు. చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతారు. కానీ ఇల్లు, ఉద్యోగం, పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న మనిషికి మనసు ఖాళీ అవడం సాధ్యమా? అసలు అవాలా? ఆ ఆలోచనల్లో చాలావాటి వెనక ఎవరో ఒకరి మీద ప్రేమ ఉంటుంది, ఒక బాధ్యత ఉంటుంది. అత్తగారి మాత్రలు గుర్తుకు రావడం రోగం కాదు కదా. నిండిన మనసుకు కావలసింది వరుస. ఎవరి వంతు ఎప్పుడో తేలితే ఎంత రద్దీనైనా మనసు మోయగలదు. ఈ నమ్మకం నాకు అవధాన సభల్లో కూర్చున్నందువల్ల కలిగింది.

అవధానాన్ని మనం సాహిత్య వినోదంగానే చూస్తాం. చివర్లో అవధాని పద్యాలన్నీ అప్పజెప్పే ధారణ వినగానే చప్పట్లు కొట్టి ఇంటికి వస్తాం. నాకు మాత్రం అది నిండిన మనసు ఎలా నడుచుకోవాలో కళ్లకు కట్టే ప్రదర్శన. వేదిక మధ్యలో అవధాని. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది పేరుతో పొంతన లేని నాలుగు పదాలిచ్చి, వాటితో రామాయణం మీద పద్యం చెప్పమంటారు. ఒకరు అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో పసిగట్టి, అదే వద్దంటారు. ఒకరు వర్ణన అడుగుతారు, ఒకరు ఆశువు అడుగుతారు. మరొకరు పురాణంలోంచి పద్యం చదివి, అది ఏ ఘట్టంలోదో వివరించమంటారు. ఇంకొకరు ఉండుండి గంట కొడతారు. మొత్తం ఎన్ని గంటలు మోగాయో చివర్లో చెప్పాలి. వీళ్లు చాలరన్నట్టు, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఎప్పుడు పడితే అప్పుడు అడ్డు తగిలి సంబంధం లేని ప్రశ్నలు వేస్తుంటాడు. పాండవోద్యోగ విజయాల పద్యాలతో ఊరూరా తెలిసిన తిరుపతి వేంకట కవులు నూరేళ్లకు ముందే ఈ విద్యను సంస్థానం నుంచి సంస్థానానికి మోసుకెళ్లి జనంలో నిలబెట్టారు. ఎనిమిది నుంచి నూరుకు, నూరు నుంచి వెయ్యికి పృచ్ఛకుల సంఖ్య పెరిగిన అవధానాలు కూడా తెలుగు నేల చూసింది.

చూసేవాళ్లకు అవధాని ఎనిమిది పనులు ఒక్కసారే చేస్తున్నట్టు ఉంటుంది. దగ్గరగా గమనిస్తే ఏ క్షణంలోనూ రెండు పనులు లేవు. సభ నడిపే సంచాలకుడు వంతు ప్రకటిస్తాడు. అవధాని ఆ పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు. ఒక పాదం చెబుతాడు. ఆ పాదం పూర్తయ్యాకే పక్కవారి వైపు చూస్తాడు. ఇలా అందరి దగ్గరా ఒకసారి తిరిగితే ఒక ఆవృత్తి. ఒక ఆవృత్తిలో ఒక పద్యానికి ఒక పాదం. నాలుగు ఆవృత్తులు తిరిగేసరికి నాలుగు పాదాల పద్యాలు పూర్తవుతాయి. సమస్య ఇచ్చినవారి ముందు ఉన్నంతసేపు ఆయనకు దత్తపది లేదు, వర్ణన లేదు. తన వంతు వస్తుందని అందరికీ తెలుసు కనుక ఎవరూ తొందరపెట్టరు.

మన రోజులో ఎనిమిది మంది కంటే ఎక్కువే పృచ్ఛకులుంటారు. లేనిది సంచాలకుడు. అందుకే నా మొదటి అలవాటు, పొద్దున ఫోను ముట్టుకోకముందు కాసేపు ఆ సంచాలకుడి కుర్చీలో కూర్చోవడం. ముందు చేతులతో చేసే పని ఒకటి చేస్తాను. చుక్కలు పెట్టి ముగ్గు వేయడమో, మొక్కలకు నీళ్లు పోయడమో. చుక్క తప్పితే ముగ్గు తప్పుతుంది కనుక మనసు వేళ్ల దగ్గరే ఉండాలి. తర్వాత ఒక చిన్న కాగితం తీసుకుని ఆ రోజు పూర్తి కావలసిన నాలుగు పనులు రాస్తాను. నాలుగే ఎందుకంటే, మనసు ఒకే సమయంలో చురుగ్గా పట్టుకోగలిగేవి ఇంచుమించు అన్నేనని నెల్సన్ కోవన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సమీక్షించి వాదించాడు. మిగతావి కాగితం వెనక వైపు ఉంటాయి. అవి పోవు, వాటికీ వంతు ఉంటుంది. కానీ ఈరోజు పద్యాలు ఈ నాలుగు.

అన్నీ తలలోనే పెట్టుకునే అవధానికి కాగితం అక్కర్లేదు కదా అని అడగవచ్చు. ఆయనకు ఛందస్సు ఉంది. గణాలు, యతి, ప్రాస జ్ఞాపకానికి పట్టు ఇస్తాయి. తర్వాతి పాదంలో రెండో అక్షరం ఏమిటో ప్రాస ముందే చెప్పేస్తుంది, అంతమేరకు వెతుకులాట తగ్గుతుంది. మన రోజుకు ఆ సాయం చేసేవి చిన్న చిన్న అలవాట్లే. తాళాలకు ఒకే మేకు. మాత్రలకు ఒకే వేళ. బిల్లులన్నీ ఆదివారం పొద్దున. రేపటి కూర ఏమిటన్నది ఈ రాత్రే తేల్చుకోవడం. ఇవి చెప్పుకుంటే చాలా చిన్న సంగతులు. కానీ రోజుకు ఇన్నిసార్లు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి అని తేల్చుకునే శ్రమ తప్పితే ఆ సత్తువ అసలు పనికి మిగులుతుంది. కట్టుబాటు ఉన్నచోటే మనసుకు స్వేచ్ఛ దొరుకుతుందని పద్యం రాసేవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు.

రెండో అలవాటు, పాదం మధ్యలో లేవకపోవడం. అవధాని పద్యాన్ని ఒకటో పాదం దగ్గర ఆపుతాడు, రెండో పాదం దగ్గర ఆపుతాడు. పాదం నడుమ విరిచి వదలడు. అందుకే మళ్లీ ఆ పృచ్ఛకుడి దగ్గరకు వచ్చేసరికి ఎక్కడున్నాడో వెతుక్కోడు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఇదే సంగతిని ప్రయోగాల్లో చూపించింది. ఒక పని వదిలి ఇంకో పనికి మారినప్పుడు ధ్యాస మొత్తం మనతో రాదు, కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది. ఆ మిగులుతో కొత్త పని చేస్తే అది కుంటుతుంది. దానికి ఉపాయం కూడా ఆమె, ఆమె సహ పరిశోధకురాలు కలిసి 2018లో ప్రచురించారు. లేవబోయే ముందు ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక ఏం చేయాలో క్లుప్తంగా రాసుకున్నవాళ్లు తర్వాతి పనిని మెరుగ్గా చేయగలిగారు.

దీన్ని ఇంట్లో అమలు చేయడానికి క్షణం పడుతుంది. లెక్కలు చూస్తుండగా బడి నుంచి ఫోను వచ్చిందనుకోండి. కాగితం మీద ‘మార్చి బిల్లులు కలిపాను, ఏప్రిల్ నుంచి చూడాలి’ అని రాసి ఫోను తీస్తే, వినేటప్పుడు నిజంగా వింటాం. ఆఫీసు నుంచి బయలుదేరేటప్పుడు రేపటి మొదటి పని ఒక్క వాక్యంలో రాసి బల్ల మీద పెడితే, బస్సులో ఆ ఫైలు మన పక్క సీట్లో కూర్చోదు. ఇంటికి వచ్చిన మనిషి ఇంటికే వస్తుంది. ఏకాగ్రత గురించి నాకు తెలిసినవాటిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది ఇంకొకటి లేదు.

ఇక అప్రస్తుత ప్రసంగం. అవధానంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన స్థానం అది. ఏకాగ్రతను పరీక్షించే ప్రక్రియలో, ఏకాగ్రత చెదరగొట్టేవాడికి మన పెద్దలు వేదిక మీద కుర్చీ వేశారు. అడ్డం వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారని, వాళ్లను సభ నుంచి గెంటి ప్రయోజనం లేదని వాళ్లకు తెలుసు. అవధాని ఆ ప్రశ్నకు చిరాకు పడడు. నవ్వుతూ ఒక మాటలో జవాబిస్తాడు. సభ నవ్వుతుంది. ఆయన మాత్రం అప్పటికే తన పాదం దగ్గరకు తిరిగి వచ్చేసి ఉంటాడు. నేర్చుకోవలసిన విద్య ఆ తిరిగి రావడం.

మనకు అప్రస్తుత ప్రసంగులు ఇద్దరు. ఒకరు ఫోను, రెండోవారు మన లోపలి గొంతు. ఫోనుకు రోజులో వేళలు కేటాయించి, మిగతా సమయం ఇంకో గదిలో ఉంచడం తేలికే. లోపలి గొంతును ఇంకో గదిలో ఉంచలేం. దాన్ని అణిచివేయబోతే ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. దానికి కావలసింది హామీ. మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో చూపించింది ఇదే. పూర్తికాని పని, ఏదైనా చదువుతున్నవాళ్ల తలలోకి పదేపదే దూరుతుంది. ఆ పని ఎప్పుడు, ఎలా చేయబోతున్నారో స్పష్టంగా అనుకున్నవాళ్ల జోలికి మాత్రం అంతగా రాదు. పని ఇంకా పూర్తి కాలేదు, వంతు మాత్రం ఖరారైంది. మనసుకు అది చాలు. చెల్లెలి మాట మధ్యాహ్నం గుచ్చుకుంటే ‘రాత్రి ఎనిమిదింటికి దానికి ఫోను చేసి, ముందు పిల్లల సంగతి అడిగి, తర్వాత ఈ మాట ఎత్తుతాను’ అని రాసుకుంటాను. ఎనిమిదింటికి నిజంగానే చేస్తాను. హామీ నిలబెట్టుకున్నకొద్దీ లోపలి గొంతు మనల్ని నమ్మడం మొదలుపెడుతుంది.

ఈ తిరిగి రావడాన్ని సాధన చేసే చోటు కూడా ఒకటుంది. రోజూ పది నిమిషాలు కదలకుండా కూర్చుని శ్వాసను గమనించడం. చాలామంది రెండు రోజులు కూర్చుని ‘నా మనసు నిలవడం లేదండీ, ఇది నాకు పడదు’ అని మానేస్తారు. మనసు నిలవకపోవడమే ఆ సాధనకు సరుకు. వంద సార్లు పారిపోతే వంద సార్లు, తిట్టుకోకుండా, వెనక్కి తీసుకురావడం. పగలు వంటింట్లో, ఆఫీసులో, ట్రాఫిక్‌లో అక్కరకొచ్చేది ఆ వెనక్కి తెచ్చుకునే నేర్పే.

ధ్యాసకూ సంతోషానికీ సంబంధం ఉందా? హార్వర్డ్‌లో కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 2,250 మందిని ఫోన్ల ద్వారా రోజులో వేర్వేరు వేళల్లో పలకరించి, ఏం చేస్తున్నారు, ఏం ఆలోచిస్తున్నారు, ఎలా ఉన్నారు అని అడిగారు. ఇంచుమించు 47 శాతం సార్లు వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. పని మీద ఉన్నప్పటికంటే అలాంటప్పుడు వాళ్లు తక్కువ సంతోషంగా ఉన్నారు. చేస్తున్నది పెద్ద ఇష్టంలేని పని అయినా సరే. అంటే అంట్లు తోముతూ అంట్ల దగ్గరే ఉన్న మనిషి, అంట్లు తోముతూ పది చోట్ల తిరిగే మనిషికంటే కొంత నయంగా ఉంటుంది. ఒక పని మీద నిలవడం మంచి మనఃస్థితికి మొదటి మెట్టు.

రెండో మెట్టు సమస్యాపూరణం. పృచ్ఛకుడు సమస్యగా ఇచ్చే పాదం అడ్డదిడ్డంగా ఉంటుంది. ఎక్కడా జరగనిది జరిగినట్టు, అనకూడనిది అన్నట్టు ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మార్చే హక్కు అవధానికి లేదు. కానీ దానికి ముందు వచ్చే మూడు పాదాలూ పూర్తిగా ఆయనవి. ఆ మూడు పాదాల్లో ఆయన సందర్భం కడతాడు. ఆ మాటను ఎవరి నోటనో పెడతాడు, పదాన్ని ఇంకోచోట విరుస్తాడు, ప్రశ్నగా మారుస్తాడు. చివరికి అదే పాదం, అవే అక్షరాలతో, సభకు నచ్చే అర్థంతో వినిపిస్తుంది. సానుకూల దృక్పథం అని మనం ఇప్పుడు అంటున్నదానికి ఇంతకంటే నిజాయితీగల నమూనా నాకు కనబడలేదు. ఇచ్చిన పాదం లేదని బుకాయించడం అందులో లేదు. ‘అంతా మన మంచికే’ అని కళ్లు మూసుకోవడమూ లేదు. జరిగినది జరిగినట్టే ఉంటుంది. దాని చుట్టూ ఏ మూడు మాటలు నిలబెడతామన్నది మన చేతిలో ఉంటుంది.

మా అమ్మ మోకాళ్లు అరిగి ఇక మేడ మెట్లు ఎక్కలేనంది. ఎన్నో ఏళ్లుగా తను పెంచిన కుండీలన్నీ మేడ మీద ఉన్నాయి. అది మాకు ఇచ్చిన పాదం. ఆ రాత్రి కూర్చుని మూడు వాక్యాలు రాశాను. ఇంకా ఏమేం నిజం? కింద గది కిటికీ వీధివైపు ఉంది, పలకరించే మనుషులు ఉన్నారు. మన చేతిలో ఏముంది? తులసి, మల్లె, కరివేపాకు కుండీలు కిందికి దించవచ్చు. తోడు ఎవరు? పక్కింటి పిల్ల రోజూ సాయంత్రం మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తానంది. అమ్మ మోకాళ్లు బాగుపడలేదు. కానీ ఇప్పుడు సాయంత్రం టీ అమ్మ గదిలోనే, అందరం కలిసి. ఏ కష్టం వచ్చినా ఈ మూడు ప్రశ్నలు రాసుకోవడం నాకు అలవాటైంది. ఇంకా ఏం నిజం, నా చేతిలో ఏముంది, తోడు ఎవరు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. అన్నీ ఆ సాయంత్రానికే పూరించవలసిన సమస్యలు కావు. ఇంట్లో మనిషి పోయినప్పుడు పాదాలు కట్టనక్కర్లేదు. ఏడవాలి, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చోవాలి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, ఆకలి పోయినా, ఏ పని మీదా మనసు నిలవక భయం కమ్ముతున్నా అది అలవాట్లతో సర్దుకునే రద్దీ కాదు, వైద్యుడు చూడవలసిన సంగతి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి డాక్టరు దగ్గరకు వెళ్లినంత మామూలుగా వెళ్లాలి.

చివరిది ధారణ. అవధానం అంతటికీ ప్రాణం అదే. నాలుగు ఆవృత్తులు అయ్యాక అవధాని ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ వరుసగా, మొదటి నుంచి చివరి దాకా ఏకధాటిగా అప్పజెబుతాడు. అంతవరకూ చెల్లాచెదురుగా విన్నది ఒక్కసారిగా పూర్తి రూపంతో నిలుస్తుంది. మన రోజుల్లో లోపించింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. బ్లూమా జైగార్నిక్ బెర్లిన్‌లో చేసి 1927లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తి చేసిన పనులకంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుండిపోయాయి. రాత్రి పడుకోబోయే మనిషికి జరిగేదీ అదే. ఫీజు కట్టింది, మాత్రలు తెచ్చింది, లెక్క తేల్చింది, నలుగురికి వండిపెట్టింది. అవన్నీ జారిపోతాయి. బుక్ చేయని గ్యాస్ మాత్రం తల దగ్గర నిలబడుతుంది. రోజంతా కష్టపడ్డ మనిషి ఏమీ చేయలేదన్న దిగులుతో నిద్రపోవడం అన్యాయం.

అందుకే రాత్రి భోజనాల దగ్గర ధారణ పెట్టుకోవాలి. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ రోజు పూర్తిచేసిన పని ఒకటి, బాగా జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలు మొదట సిగ్గుపడతారు, తర్వాత వాళ్లే గుర్తుచేస్తారు. పెద్దవాళ్లు ‘నేనేం చేశానమ్మా’ అంటారు. అడిగితే బోలెడు చెబుతారు. ఆ తర్వాత పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసుకోవాలి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం 2018లో 57 మంది యువతీయువకులతో ఈ సంగతి పరీక్షించింది. చేసేసిన పనులు రాసినవాళ్లకంటే, చేయవలసిన పనులు రాసినవాళ్లకు సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. అందుకే చేసినవి నలుగురిలో నోటితో చెప్పుకోవడం, చేయవలసినవి పడుకునే ముందు కాగితం మీద పెట్టడం మంచి వరుస.

అవధాని వేదిక మీద కనబరిచే ఆ నెమ్మది ఒక్క రోజులో వచ్చింది కాదు. ఏళ్ల తరబడి చదువు, పద్యాలు కంఠస్థం చేయడం, చిన్న సభల్లో తడబడి నిలదొక్కుకోవడం దాని వెనక ఉన్నాయి. మన అలవాట్లకూ అంత ఓర్పు ఇవ్వాలి. ఈ అలవాట్లన్నీ ఒక్కసారే మొదలుపెట్టకండి. ఒకదానితో మొదలుపెట్టి, అది చేతికి వచ్చాక ఇంకొకటి కలపండి. ఒకరోజు తప్పితే మర్నాడు మళ్లీ పట్టుకోండి.

మనసులో రద్దీ ఉండడం లోపమని నేను ఎప్పటికీ ఒప్పుకోను. అంతమంది అడిగేవాళ్లు ఉన్నారంటే ఆ మనిషి అంతమందికి కావలసిన మనిషి. అడిగినవాళ్లందరికీ పూర్తి పద్యం అప్పటికప్పుడు ఇవ్వడం ఎవరి తరమూ కాదు, వాళ్లు అడిగేదీ అది కాదు. తమ వంతు వచ్చినప్పుడు మనం పూర్తిగా తమ వైపు తిరగాలని అడుగుతారు. ఒక్కొక్కరి వైపు అలా తిరిగి ఒక్కో పాదం ఇవ్వగలిగితే పద్యాలు వాటంతట అవే పూర్తవుతాయి. ఈ రాత్రి ధారణతో మొదలుపెట్టండి. పూర్తి చేసినవి నాలుగు చెప్పుకోండి, రేపటికి నాలుగు ఎంచుకోండి, వాటిలో మొదటిదానికి మొదటి పాదం ఏమిటో రాసి పడుకోండి.